నాలుగు గోల్స్, మూడొందల నిమిషాలు: డెనిస్ చెరిషెవ్‌ని ఏ లెక్కతో కొలవాలి?

డెనిస్ చెరిషెవ్ పేరు చెబితే ఫుట్‌బాల్ చూసేవాళ్ళకు రెండే గుర్తొస్తాయి. 2015లో ఆడకూడని మ్యాచ్ ఆడి రియల్ మాడ్రిడ్‌ని కప్పు పోటీ నుంచే బయటకు గెంటించినవాడు, 2018 ప్రపంచకప్‌లో ఎక్కడినుంచో ఊడిపడి రష్యా తరఫున నాలుగు గోల్స్ కొట్టినవాడు. మొదటిదాన్ని దురదృష్టం అంటారు, రెండోదాన్ని అద్భుతం అంటారు, మిగిలిన కెరీర్ మొత్తానికి 'పాపం, గాయాలు' అని ఒక ముక్క చెప్పి వదిలేస్తారు. ఈ మూడూ నాకు బద్ధకపు మాటల్లాగే అనిపిస్తాయి. 2018లో అద్భుతమేమీ జరగలేదు. అతని శరీరానికి, అతని ఆటకి సరిపోయే పని ఆ నెలలో అతనికి ఒకరు అప్పజెప్పారు, అతను చేసి చూపించాడు, అంతే. మిగతా కాలమంతా అతను చెయ్యలేని పని చెయ్యమని అడిగి, చెయ్యలేదేమని బాధపడ్డారు. ఒక్క కోచ్ మాత్రం అతన్ని బాగా అర్థం చేసుకున్నాడు, ఆ కోచేమో రెండుసార్లూ సరిగ్గా సమయానికి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం. చెరిషెవ్ 1990 డిసెంబర్ 26న నిజ్నీ నొవ్‌గొరోద్‌లో పుట్టాడు. తండ్రి దిమిత్రి కూడా ప్రొఫెషనల్ ఆటగాడే, డైనమో మాస్కోకి ఆడి 1996లో స్పెయిన్‌లోని స్పోర్టింగ్ హిహోన్ క్లబ్‌కి వెళ్ళాడు. అప్పటికి డెనిస్‌కి ఐదేళ్ళు. అంటే రష్యాలో పుట్టాడు గానీ బంతిని తన్నడం నేర్చుకున్నది, బడికి వెళ్ళింది, స్నేహాలు కలిసింది అంతా స్పెయిన్‌లోనే. హిహోన్‌లో, తర్వాత బుర్గోస్‌లో కుర్రకారు టీముల్లో ఆడాక 2002లో రియల్ మాడ్రిడ్ అకాడమీలో చేరాడు. కాబట్టి 'రష్యన్ వింగర్' (వింగర్ అంటే మైదానం అంచున ఆడుతూ దాడి చేసేవాడు) అనే మాట అతని పాస్‌పోర్ట్ గురించి చెప్పినంతగా అతని ఆట గురించి చెప్పదు. బంతి అందుకునే ముందు తల తిప్పి చూసుకోవడం, లైన్‌కి అంటిపెట్టుకుని ఉండకుండా సమయం చూసి లోపలికి దూరడం, ఇవన్నీ స్పానిష్ అకాడమీ పాఠాలే. కాకపోతే జాతీయ జట్టు విషయం వచ్చేసరికి రష్యాని ఎంచుకున్నాడు. 2012 నవంబర్‌లో అమెరికాతో స్నేహపూర్వక మ్యాచ్‌లో రష్యా కోచ్ కపెల్లో అతనికి మొదటి అవకాశం ఇచ్చాడు. అదే నెల చివర్లో స్పెయిన్ కప్పు పోటీ కోపా డెల్ రేలో ఆల్కొయానో క్లబ్ మీద కోచ్ మౌరీన్యో అతన్ని రియల్ మాడ్రిడ్ సీనియర్ జట్టు తరఫున దింపాడు. ఆ క్లబ్ మొదటి జట్టుకి ఆడిన తొలి రష్యన్ అతనే.

రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్టియా 2012లో రెండో డివిజన్‌కి ఎగబాకింది. ఆ జట్టులో ఎవరెవరున్నారో చూడండి: మొరాటా, కార్వహాల్, నాచో, హెసె, హొసెలు, వీళ్ళతో పాటు చెరిషెవ్. అందరికీ దాదాపు ఒకే వయసు. ఆ రోజుల్లో ఎవరైనా పందెం కాసి ఉంటే నాచో మీద కాసేవాళ్ళు కాదనుకుంటా. అతనిది చూడ్డానికి మెరుపులేని ఆట, డిఫెన్స్‌లో ఏ మూలకి పొమ్మంటే ఆ మూలకి పోతాడు, పిలిస్తే వస్తాడు, బెంచి మీద కూర్చోమంటే కూర్చుంటాడు. ఆ నాచోనే 2024లో మాడ్రిడ్ వదిలేనాటికి ఆరు ఛాంపియన్స్ లీగ్ కప్పులతో వదిలాడు. కార్వహాల్ ఒక్క ఏడాది లెవర్‌కూసెన్‌లో ఆడి వచ్చి పుష్కరకాలం కుడివైపు కాపు కాశాడు. చెరిషెవ్‌లో ప్రతిభకి లోటు లేదు. అయితే పెద్ద క్లబ్‌లో నిలబడాలంటే అడిగిన రోజున కాలు సిద్ధంగా ఉండాలి. నాచోకి ఆ గుణం పుష్కలంగా ఉంది, చెరిషెవ్‌కి లేదు. దీన్ని క్రమశిక్షణ లోపమని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకంటే ఇందులో సగం వింగర్ అనే పనిలోనే ఉంది.

వింగర్ పని ఎలాంటిదంటే, తొంభై నిమిషాల్లో చాలాసేపు మామూలుగా పరిగెత్తుతూ, ఓ పాతిక ముప్పైసార్లు మాత్రం ఉన్నపళంగా, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి దూకాలి. ఆగి ఉన్న చోటు నుంచి దూకడం, దూకిన వేగంలోనే ఆగి దిశ మార్చడం. ఈ దూకుడు భారమంతా తొడ వెనక కండరం మీద పడుతుంది, అదే హ్యామ్‌స్ట్రింగ్. మన దగ్గర ఫాస్ట్ బౌలర్ల కథలు విన్నవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, నూట నలభై దాటించే బౌలర్‌కి నడుం, వింగర్‌కి తొడ. పైగా హ్యామ్‌స్ట్రింగ్ గాయానికి ఒక చెడ్డ గుణం ఉంది. ఒకసారి చిరిగితే మళ్ళీ చిరిగే అవకాశం పెరుగుతుంది. తొందరపడి తిరిగొస్తే ఇంకా పెరుగుతుంది. లోన్ మీద, అంటే సొంత క్లబ్ ఇంకో క్లబ్‌కి అరువిస్తే వెళ్ళిన ఆటగాడికి తొందర తప్పదు. సీజన్ ఒక్కటే చేతిలో ఉంటుంది, మేలో సామాను సర్దుకోవాలి, ఈలోపే తనేంటో చూపించాలి. సొంత క్లబ్ అయితే 'ఇంకో మూడు వారాలు ఆగు' అంటుంది. అరువు తెచ్చుకున్న క్లబ్‌కి ఆ ఓపిక ఎందుకుంటుంది?

2013లో సెవియాకి లోన్ మీద వెళ్ళిన చెరిషెవ్‌కి సరిగ్గా ఇదే జరిగింది. ఉనాయ్ ఎమెరీ జట్టు ఆ ఏడాది యూరోపా లీగ్ గెలిచింది, ఇతను మాత్రం గాయాల గదికీ ప్రాక్టీస్ గ్రౌండ్‌కీ మధ్య తిరగడంతోనే సీజన్ గడిపేశాడు. లీగ్‌లో ఆడిన మ్యాచ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

తర్వాతి ఏడాది విల్లారియల్. ఇక్కడ కోచ్ మార్సెలినో. 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) తప్ప ఇంకోటి ఆడించని మనిషి, రెండు వరుసలూ దగ్గరదగ్గరగా నిలబడాలి, బంతి దొరకగానే రెండు మూడు పాస్‌లలో అవతలి పెనాల్టీ బాక్స్ చేరాలి. ఈ పద్ధతిలో ఎడమ మిడ్‌ఫీల్డర్ తొంభై నిమిషాలూ లైన్ పట్టుకుని డ్రిబుల్ చేస్తూ కూర్చోడు. డిఫెన్స్ చేసేటప్పుడు వరుసలో తన చోటు తెలుసుకుని నిలబడతాడు, బంతి గెలవగానే ఖాళీలోకి ఒక్క పరుగు తీస్తాడు. చెరిషెవ్‌కి ఇది కొలిచి కుట్టించిన చొక్కా. అతని గొప్పతనం ఇద్దరు ముగ్గుర్ని డ్రిబుల్ చేసి దాటడంలో లేదు. బంతి వచ్చే ఒక్క క్షణం ముందు పరుగు మొదలుపెట్టడంలో, మొదటి టచ్‌లోనే డిఫెండర్ని వెనక్కి నెట్టెయ్యడంలో, తల ఎత్తి ఎడమ కాలితో సరైన చోటుకి పాస్ ఇవ్వడంలో ఉంది. 2014-15లో విల్లారియల్ లీగ్‌లో ఆరో స్థానంలో నిలిచింది, ఎడమవైపు నుంచి వచ్చిన దాడిలో అతని వాటా చాలా పెద్దది. మాడ్రిడ్ వెనక్కి పిలిచింది. కెరీర్ గాడిన పడిందనే అందరూ అనుకున్నారు.

ఇక కాడిజ్ సంగతి. 2015 డిసెంబర్ 2, కోపా డెల్ రే. మూడో అంచె లీగ్‌లో ఆడుతున్న కాడిజ్ మీద, వాళ్ళ కరాంజా స్టేడియంలో రియల్ మాడ్రిడ్ మ్యాచ్. కోచ్ రఫా బెనితెజ్ కుర్రాళ్ళని, బెంచి వాళ్ళని దింపాడు. చెరిషెవ్ మూడో నిమిషంలోనే గోల్ కొట్టాడు. అప్పటికే రేడియోల్లో, ట్విట్టర్‌లో ఒక వార్త పాకుతోంది: కిందటి ఏడాది విల్లారియల్‌కి ఆడుతున్నప్పుడు ఇదే పోటీలో అతనికి మూడు ఎల్లో కార్డులు పడ్డాయి, మూడు పడితే ఒక మ్యాచ్ నిషేధం, అప్పుడు విల్లారియల్ ఆ పోటీ నుంచి వెళ్ళిపోయింది కాబట్టి నిషేధం ఈ ఏడాదికి మిగిలే ఉంది. కాడిజ్ అభిమానులు గ్యాలరీల్లోంచి 'బెనితెజ్, ట్విట్టర్ చూసుకో' అని పాట అందుకున్నారు. ఫుట్‌బాల్‌లో వెటకారానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు. రెండో సగం మొదలవగానే చెరిషెవ్‌ని లాగేసి కొవాచిచ్‌ని దింపారు. గోల్ కొట్టినవాడు తలవంచుకుని బయటికి నడవాల్సి వచ్చింది. మాడ్రిడ్ 3-1తో గెలిచింది, రెండు రోజుల్లో పోటీ నుంచి వేటు పడింది.

నిషేధం గురించి ఆటగాడికి నేరుగా చెప్పలేదు కాబట్టి అది చెల్లదని మాడ్రిడ్ వాదించింది, అప్పీళ్ళు వేసింది, ఎక్కడా నెగ్గలేదు. ఆ వాదనలో కొంత పస ఉందేమో గానీ నాకు అసలు అర్థం కానిది వేరే. పదుల కోట్ల యూరోల బడ్జెట్ ఉన్న క్లబ్, ఒక్కో ఆటగాడి నిద్రని కూడా లెక్కపెట్టే క్లబ్, లోన్ నుంచి తిరిగొచ్చిన కుర్రాడికి ఏ పోటీలో ఎన్ని కార్డులున్నాయో ఒక కాగితం మీద రాసుకోలేకపోయింది. తప్పు ఆఫీసులో జరిగింది, జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆటగాడి మొహం. ఇప్పటికీ ఎక్కడైనా అనర్హుడైన ఆటగాడు ఆడాడని వార్త వస్తే చాలు, ముందు చెరిషెవ్ ఫొటోనే పెడతారు.

అయితే, 'కాడిజ్ అతని కెరీర్‌ని చంపేసింది' అనే మాట కూడా నేను నమ్మను. ఆ సీజన్‌లో అప్పటికి లీగ్‌లో అతను ఆడింది బహు తక్కువ. ముందు రొనాల్డో, బెంజెమా, బేల్. వాళ్ళ వెనక హమేస్, ఇస్కో, లూకాస్ వాస్కెజ్, హెసె. ఆ వరుసలో తొడ నమ్మకం లేని ఎడమ వింగర్‌కి చోటెక్కడ? కాడిజ్ జరక్కపోయినా ఫిబ్రవరికి అతను వెళ్ళేవాడే. వెళ్ళాడు కూడా. 2016 ఫిబ్రవరి 1న వాలెన్సియాకి లోన్. అక్కడ కోచ్ గ్యారీ నెవిల్. తమాషా ఏంటంటే నెవిల్‌ని వాలెన్సియా కోచ్‌గా ప్రకటించింది కూడా ఆ కాడిజ్ మ్యాచ్ జరిగిన రోజే. ఇద్దరికీ ఆ రోజు కలిసి రాలేదనే చెప్పాలి, మార్చి ఆఖరుకల్లా నెవిల్ ఉద్యోగం ఊడింది. చెరిషెవ్ కొన్ని మ్యాచ్‌లు బాగా ఆడాడు, మళ్ళీ గాయం. ఆ వేసవిలో జరిగిన యూరప్ దేశాల కప్పు, యూరో 2016, చేజారిపోయింది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ కోచ్ సంగతి. 2016 జూన్‌లో విల్లారియల్ చెరిషెవ్‌ని శాశ్వతంగా కొనుక్కుంది. ఎందుకు కొనుక్కుందో చెప్పక్కర్లేదు, మార్సెలినో ఉన్నాడు, 4-4-2 ఉంది, ఎడమవైపు ఎవరు కావాలో అందరికీ తెలుసు. ఆగస్టు 10న, సీజన్ మొదలవ్వకముందే, విల్లారియల్ మార్సెలినోని పంపించేసింది. కొత్త కోచ్ ఎస్క్రిబా, ఏడాది దాటగానే ఇంకో కోచ్ కయెహా. చెరిషెవ్ గాయపడ్డాడు, కోలుకున్నాడు, మళ్ళీ గాయపడ్డాడు. ఆ రెండేళ్ళ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

రష్యా వైపు చూద్దాం. 2018 ప్రపంచకప్‌కి ఆతిథ్య జట్టు ర్యాంకు 70. పోటీలో ఉన్న 32 జట్లలో అదే అట్టడుగు. టోర్నీకి ముందు ఏడు మ్యాచ్‌లుగా గెలుపు లేదు. సొంత దేశంలోనే జనం జోకులు వేసుకుంటున్న జట్టు. ఆ 23 మందిలో దేశం బయట ఆడుతున్నవాళ్ళు ఇద్దరే, బెల్జియంలో క్లబ్ బ్రూజ్ గోల్‌కీపర్ గబులోవ్, స్పెయిన్‌లో చెరిషెవ్. దీనికో కారణముంది. అప్పట్లో రష్యన్ లీగ్‌లో మైదానంలో ఆరుగురికి మించి విదేశీయులు ఉండకూడదు, కనీసం ఐదుగురు రష్యన్లు ఉండి తీరాలి. స్థానిక కుర్రాళ్ళని కాపాడ్డానికి పెట్టిన నియమం అది. ఆ దెబ్బకి ఓ మోస్తరు రష్యన్ ఆటగాడికి కూడా గిరాకీ పెరిగి, ఇంట్లోనే యూరప్‌లో దొరకనంత జీతం వచ్చేది. అలాంటప్పుడు బయటికెళ్ళి బెంచి మీద ఎవరు కూర్చుంటారు? అందుకే చెరిషెవ్ ఆ జట్టులో ఒంటరి. అతను పెరిగిన ఫుట్‌బాల్ వేరు, పక్కనున్నవాళ్ళు పెరిగిన ఫుట్‌బాల్ వేరు. రష్యా కోచ్ చెర్చెసోవ్ అతన్ని జట్టులోకి తీసుకోవడమే చాలామందికి ఆశ్చర్యం. అప్పటికి దేశం తరఫున అతని ఖాతాలో ఒక్క గోల్ కూడా లేదు.

జూన్ 14, మాస్కోలోని లుజ్నికి స్టేడియం. సౌదీ అరేబియాతో ప్రపంచకప్ తొలి మ్యాచ్. మనకి రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైంది. ఇరవై నాలుగో నిమిషంలో రష్యా మిడ్‌ఫీల్డర్ జగోయెవ్ తొడ పట్టుకుని కూర్చున్నాడు. తొడ గాయం వల్ల ఇంకొకరికి చోటు పోతే చెరిషెవ్‌కి చోటు దొరకడం బహుశా కెరీర్‌లో అదే మొదటిసారి అయ్యుంటుంది. నలభై మూడో నిమిషంలో ఎడమవైపు బాక్స్‌లో బంతి అందింది. సౌదీ డిఫెండర్లు ఇద్దరు ఒకేసారి నేల మీద జారుతూ అడ్డం వచ్చారు. అతను తన్నబోయినట్టే కాలెత్తి, తన్నకుండా బంతిని చిన్నగా పైకి లేపి వాళ్ళ మీద నుంచి దాటించాడు. ఇద్దరూ జారుకుంటూ అలా ముందుకెళ్ళిపోయారు, ఇతను ఎడమ కాలితో వలలోకి కొట్టాడు. ఆట ముగిసే ముందు ఇంకోటి, ఈసారి ఎడమ పాదం బయటి అంచుతో, గోల్‌కీపర్ చేయి చాపినా అందనంత దూరపు పైమూలకి. ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్ గోల్ కొట్టడం అదే మొదలు, అతను ఏకంగా రెండు కొట్టాడు. రష్యా 5-0.

ఐదు రోజుల తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఈజిప్టు మీద కొట్టిన మూడో గోల్‌ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నాకు మాత్రం నాలుగింటిలో అదే ఇష్టం. కుడివైపు చివర నుంచి మారియో ఫెర్నాండెస్ బంతిని వెనక్కి తోశాడు. ఎడమ వింగర్‌గా ఉండాల్సిన చెరిషెవ్ అప్పటికే గోల్ ముందు నిలబడి ఉన్నాడు. ఊరికే కాలు పెట్టాడు, అంతే. చూస్తే చాలా తేలిక. ఆ చోట ఆ క్షణానికి ఉండాలని నాలుగు సెకన్ల ముందే తెలుసుకోవడం తేలిక కాదు. మార్సెలినో ఆడించిన చెరిషెవ్ ఇతనే.

ఉరుగ్వే మ్యాచ్‌లో అతని కాలికి తగిలి బంతి సొంత గోల్‌లోకి పోయింది. కాసేపటికి రష్యా ఆటగాడికి రెడ్ కార్డ్ పడటంతో ముప్పై ఎనిమిదో నిమిషానికే అతన్ని బయటికి తీశారు. చెడ్డ రోజు, వదిలేద్దాం.

స్పెయిన్ మ్యాచ్‌ని మాత్రం వదిలేదే లేదు. జూలై 1, మళ్ళీ లుజ్నికి. చెరిషెవ్ అరవై ఒకటో నిమిషంలో దిగాడు. ఎడమ వింగర్ ఎదురుగా ఉండేది అవతలి కుడి బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్. ఆ చోట ఉన్నదెవరు? నాచో. పది నిమిషాల్లో నాచోని తీసి స్పెయిన్ ఎవర్ని దింపింది? కార్వహాల్‌ని. 2012లో కాస్టియాని పైకి తెచ్చిన ఆ ముగ్గురూ ఆరేళ్ళ తర్వాత అదే అంచున, ఒకరి తర్వాత ఒకరు. అప్పటికి వాళ్ళిద్దరికీ చెరో నాలుగు ఛాంపియన్స్ లీగ్ కప్పులున్నాయి. మ్యాచ్ 1-1తో పెనాల్టీలకి వెళ్ళింది. స్పెయిన్ ఆటగాడు కొకే తన్నింది రష్యా గోల్‌కీపర్ అకిన్‌ఫెయెవ్ ఆపాడు. రష్యా నాలుగో కిక్ చెరిషెవ్‌ది. తను పెరిగిన దేశం మీద, గోల్‌కీపర్ డి హెయా ఎదురుగా, కొట్టాడు. ఆ తర్వాత ఆస్పాస్ కొట్టిన బంతిని అకిన్‌ఫెయెవ్ పడిపోతూ కాలితో ఆపిన దృశ్యమే అందరికీ గుర్తుంది, ఉండాలి కూడా. అయితే ఆ కిక్ స్పెయిన్‌కి చావో రేవో అయ్యింది చెరిషెవ్ తనది వేశాడు కాబట్టే.

క్వార్టర్ ఫైనల్ సోచిలో, క్రొయేషియాతో. ముప్పై ఒకటో నిమిషం, మన టైములో సరిగ్గా అర్ధరాత్రి. సహచరుడు జ్యూబాకి ఇచ్చి, తిరిగి అందుకుని, మోద్రిచ్ పక్కనుంచి దూసుకొచ్చి పాతిక మీటర్ల దూరం నుంచి ఎడమ కాలితో తిప్పాడు. బంతి పైమూలలోకి పోతుంటే గోల్‌కీపర్ సుబాసిచ్ అడుగు కదపలేదు, నిలబడి చూశాడు. చివరికి రష్యా 2-2 తర్వాత పెనాల్టీల్లో ఓడింది. అప్పటికి చెరిషెవ్ మైదానంలో లేడు, అరవై ఏడో నిమిషంలోనే తీసేశారు.

ఇప్పుడు నిమిషాలు కూడండి. సౌదీ మీద ఇరవై నాలుగో నిమిషం నుంచి. ఈజిప్టు మీద డెబ్భై నాలుగు. ఉరుగ్వే మీద ముప్పై ఎనిమిది. స్పెయిన్ మీద అదనపు సమయంతో కలిపి దాదాపు గంట. క్రొయేషియా మీద అరవై ఏడు. మొత్తం సుమారు మూడొందల నిమిషాలు. ఆ టోర్నీలో అతను ఒక్క మ్యాచ్ కూడా మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా ఆడలేదు. ఎంబాపే, గ్రీజ్‌మన్, రొనాల్డో, లుకాకుల పక్కన నాలుగు గోల్స్‌తో నిలబడ్డాడు. అందరికంటే ముందున్న హ్యారీ కేన్‌వి ఆరు. చెర్చెసోవ్ ఇది కావాలని చేశాడా, పరిస్థితులు అలా కలిసొచ్చాయా అన్నది నేను చెప్పలేను గానీ, ఫలితం మాత్రం కళ్ళముందే ఉంది. ఈ ఆటగాడిని నెలకి ఐదుసార్లు, ఒక్కోసారి గంట చొప్పున వాడితే ప్రపంచస్థాయి. ఆగస్టు నుంచి మే దాకా ముప్పై ఎనిమిది లీగ్ మ్యాచ్‌లు, పైన కప్పు, ఆ పైన యూరప్, అంతటా ఆడమంటే అక్టోబర్‌కల్లా ఫిజియో బల్ల మీద ఉంటాడు.

ఆ నెలలోనే ఇంకో గొడవ కూడా లేచింది. తండ్రి దిమిత్రి 2017లో ఒక రష్యన్ పత్రికతో మాట్లాడుతూ, కొడుకు గాయానికి ఆటల్లో నిషేధించిన గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చారన్నట్టు చెప్పాడని పాత ఇంటర్వ్యూ ఒకటి బయటికి తీశారు. ఇచ్చింది సొంత రక్తంతోనే చేసే ప్లేట్‌లెట్ ప్లాస్మా చికిత్సేనని, విలేకరి తప్పుగా రాశాడని రష్యా సమాఖ్య అంది. స్పెయిన్ డోపింగ్ నిరోధక సంస్థ విచారణ చేసి సెప్టెంబర్‌లో అతని తప్పేమీ లేదని తేల్చింది. విచారణ వార్త వచ్చినంత పెద్దగా క్లీన్‌చిట్ వార్త రాలేదు, ఎప్పుడూ అంతే. నాకు ఇందులో కనిపించేది ఇంకోటి. ఆ ఇంటర్వ్యూ అంశమే గాయం. ఇతని గురించి ఏ కథ మొదలుపెట్టినా అక్కడికే చేరుతుంది.

మార్కెట్ ఏమనుకుందో చూస్తే నా వాదనకి ఇంకొంచెం బలం వస్తుంది. అదే ప్రపంచకప్ తర్వాత రష్యా జట్టులోని గొలోవిన్‌ని మొనాకో మూడు కోట్ల యూరోలకి కొనుక్కుంది. నాలుగు గోల్స్ కొట్టిన చెరిషెవ్ మాత్రం మళ్ళీ లోన్ మీదే, అదే తీరం వెంబడి అరవై డెబ్భై కిలోమీటర్ల అవతల ఉన్న వాలెన్సియాకి వెళ్ళాడు. వాలెన్సియా కోచ్ ఎవరు? మార్సెలినో. ఆ సీజన్‌లో వాలెన్సియా నాలుగో స్థానం తెచ్చుకుంది, కోపా డెల్ రే ఫైనల్లో బార్సిలోనాని 2-1తో కొట్టింది. ఏ కప్పు వల్ల పరువు పోయిందో అదే కప్పు గెలిచిన జట్టులో అతనున్నాడు, ఫైనల్ రోజున మాత్రం మైదానంలో లేడు. 2019 జూలైలో వాలెన్సియా అతన్ని సొంతం చేసుకుంది. సెప్టెంబర్ 11న క్లబ్ యజమానులు మార్సెలినోని తీసేశారు. అవును, మళ్ళీ. చెరిషెవ్‌ని ఏ క్లబ్ శాశ్వతంగా కొనుక్కున్నా మూడు నెలలు తిరక్కుండా మార్సెలినో ఉద్యోగం పోయింది. జ్యోతిష్యం నమ్మేవాళ్ళకి మంచి సరుకు. నేను మాత్రం క్లబ్బుల్ని తప్పుపడతాను. ఒక కోచ్ పద్ధతి కోసమని ఆటగాడిని కొని, ఆ కోచ్‌ని పంపించేశాక, వచ్చినవాడికి ఈ ఆటగాడితో ఏం పని?

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అంతకుముందు తరం రష్యా వింగర్ కాంచెల్‌స్కిస్‌ని చూడండి. తొంభైల్లో మాంచెస్టర్ యునైటెడ్‌కి కుడి అంచున ఆడాడు, 1994లో మాంచెస్టర్ సిటీ మీద డెర్బీలో (ఒకే ఊరి ప్రత్యర్థుల మ్యాచ్‌లో) హ్యాట్రిక్ కొట్టాడు, ఎవర్టన్, రేంజర్స్ తరఫున కూడా ఆడి మాంచెస్టర్, లివర్‌పూల్, గ్లాస్గో మూడు డెర్బీల్లోనూ గోల్స్ చేశాడు. అతనికీ కోచ్‌లు మారారు, దేశాలే మారాయి, భాష రాదు, అయినా వెళ్ళిన దాదాపు ప్రతిచోటా నిలబడ్డాడు. నిజమైన గొప్ప వింగర్‌కి ప్రత్యేకంగా ఒక కోచ్, ఒక పద్ధతి కావాలా అని అడిగితే నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాంచెల్‌స్కిస్ గుర్రం లాంటి శరీరం చెరిషెవ్‌కి లేదు, అంతవరకు ఒప్పుకుంటాను. కాకపోతే కాంచెల్‌స్కిస్ ఇంగ్లండ్ వెళ్ళేటప్పటికే తయారైన ఆటగాడు, పెద్ద జట్టులో త్వరగానే చోటు దొరికింది. చెరిషెవ్ ఇరవై రెండు నుంచి ఇరవై ఐదేళ్ళ దాకా, అంటే వింగర్ కాళ్ళు బాగా పనిచేసే వయసులో, మూడు లోన్‌లు తిరిగాడు.

ఆ తర్వాతి కథ త్వరగా అయిపోతుంది. యూరో 2020లో బెల్జియం మీద ఒకరు గాయపడితే ముప్పయ్యో నిమిషానికి దిగాడు, గంట దాటగానే అతన్నీ తీసేశారు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి సబ్‌స్టిట్యూట్ అయిపోవడం, అంతకంటే అవమానం ఆటగాడికి ఉండదంటారు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద దాడి తర్వాత రష్యా జట్ల మీద ఫిఫా, యూఏఫా నిషేధం పడింది. ఆ ఏడాదే వాలెన్సియాతో కాంట్రాక్ట్ ముగిసింది. ఇటలీ రెండో డివిజన్‌లో వెనిజియా, 2024లో గ్రీస్ వెళ్ళి పానియోనియోస్.

నాకు ఎక్కువ అన్యాయంగా అనిపించేది ఒకటుంది. స్పెయిన్‌తో జరిగిన ఆ మ్యాచ్‌లోనే, అదనపు సమయంలో రష్యా యెరోఖిన్‌ని దింపింది. ఒక మ్యాచ్‌లో ఒక జట్టు నాలుగో సబ్‌స్టిట్యూట్‌ని దింపడం ప్రపంచకప్ చరిత్రలో అదే మొదలు, అప్పుడే కొత్తగా వచ్చిన నియమం అది. రెండేళ్ళు తిరిగేసరికి కరోనా వచ్చి ఐదుగురిని మార్చుకునే వీలు కల్పించింది, 2022 నుంచి అది శాశ్వతమైంది. ఇవాళ ఏ పెద్ద జట్టు చూసినా ఇద్దరు వింగర్లు అరవై నిమిషాలు ఆడతారు, ఇంకో ఇద్దరు మిగతా ముప్పై నిమిషాలు అలసిన డిఫెండర్ల మీద పడతారు. కోచ్‌లు దాన్ని ముందే ప్లాన్ చేస్తారు, అలా దిగేవాళ్ళకి జీతాలూ బాగానే ఇస్తారు. గంటసేపు ఆడే వింగర్ అంటే ఇప్పుడు లోపం కాదు, అదో ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని చెరిషెవ్ 2018 జూన్‌లోనే చేసి చూపించాడు. ఆ ఖాళీలు నోటిఫై అయ్యే నాటికి అతనికి ముప్పై దాటేసింది.